షారోను పువ్వు

ఈ ఏడు శ్రమల దినాలు మొదలైన రెండో రోజునే నేనొక తప్పు చేశాను. అది తప్పని తెలుసుకోవడానికి మూడు వారాలు, నోరు విప్పి ఒప్పుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఇప్పుడైనా ధైర్యం వచ్చి చెప్పడం లేదు, కడుపులో దాచుకోలేక చెబుతున్నాను.

మా ఊరు రేపల్లెకి ఆరు కిలోమీటర్లు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మా పేటలో సాయంత్రం ఏడింటికి రోజుకో ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఏ రోజు ఎవరింట్లోనో ముందే చీటీ రాసి చర్చి తలుపుకి అంటిస్తారు. తమ వంతు వచ్చిన ఇంటివాళ్ళు వాకిలి కడిగి, పట్టాలు పరిచి, శనగలు ఉడకబెట్టి, అందరికీ టీ ఇస్తారు. కరోనా అప్పుడు పాస్టరు గారి అమ్మాయి తనూజ వీటిని ఫోన్లో లైవ్ పెట్టడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి చదువుకని హాస్టలుకి వెళ్ళాక ఫోను నా చేతికొచ్చింది. ఇంటరు తప్పినదాన్ని, సంఘం మొత్తానికి టెక్నికల్ మనిషినయ్యాను. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

మా లైవ్ చూసేది ఏడెనిమిది మంది. కువైట్లో ఉన్న మా పిన్ని కూతురు, హైదరాబాదులో పాస్టరు గారి చెల్లెలు, మంచం పట్టిన ఇద్దరు ముసలివాళ్ళు, అంతా తెలిసినవాళ్ళే. రెండో రోజు ప్రార్థన మా ఇంట్లోనే. ఆ రోజు కొత్త పేరొకటి కనిపించింది. షారోను పువ్వు అని బైబిల్లోని పేరు, పక్కన గులాబీ బొమ్మ. కింద ఇలా రాసి ఉంది: "వందనాలండి. దేవునికి స్తోత్రం."

వందనాలు అన్నవాళ్ళు మనవాళ్ళే. పుట్టినప్పటి నుంచి అదే నమ్మకం. బస్సులో పక్క సీటావిడ నమస్కారం అంటే పరాయి మనిషి, వందనాలు అంటే సొంత మనిషి. నేనూ వందనాలు రాసి, బాగున్నారా అక్కా అని అడిగాను. ఆ షారోను పువ్వు అక్కో అన్నో నాకిప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, అందరి ముందూ చెప్పింది మా ఆడపడుచు నాగజ్యోతి. ఆరేళ్ళు టీచరు పరీక్షలు రాసీ రాసీ పోయిన సంవత్సరం గట్టెక్కింది. ఉద్యోగం వస్తే సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తానని మా అత్తయ్య దేవుడికి మాటిచ్చుకుంది. జ్యోతికి ఇలాంటివంటే మొహమాటం. చర్చికి వచ్చినా చివరి వరసలో కూర్చుని పాట అయ్యేలోపు నాలుగుసార్లు వాచీ చూసుకుంటుంది. ఆ రోజు మాత్రం తల్లి పోరు పడలేక లేచి, రెండు నిమిషాలు మాట్లాడింది. దేవుడే ఈ ఉద్యోగం ఇచ్చాడని చెప్పి, ఎందుకో మిగతాది పూర్తి చేయకుండానే కూర్చుండిపోయింది. అత్తయ్య ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఫోను కదలకుండా పట్టుకుని.

మర్నాడు పొద్దున షారోను పువ్వు అడిగింది, అంత చక్కగా సాక్ష్యం చెప్పిన సోదరి ఎవరని. నాకు ఉబ్బితబ్బిబ్బయింది. మా జ్యోతి అండీ, ఫలానా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు, మా సంఘంలో మొదటి గవర్నమెంటు టీచరు అని రాశాను. అడగని ముక్కలు కూడా నాలుగు కలిపాను. కాసేపటికి ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఆ అమ్మాయి ఎప్పుడు మతం పుచ్చుకున్నారండి?"

నా వేలు ఫోను మీద ఆగిపోయింది. మాలో ఆ మాట ఎవరూ అనరు. రక్షణ పొందారా అంటాం, బాప్తిస్మం తీసుకున్నారా అంటాం. మతం పుచ్చుకోవడమనేది బయటివాళ్ళు మా గురించి అనే మాట. ఆ మాట దగ్గర నాకు ఏదో తేడా తగిలింది. తగిలాక కూడా, కొత్త విశ్వాసి కాబోలు, ఇంకా భాష రాలేదు కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు తరాల నుంచీ దేవుని బిడ్డలమండీ, మా జ్యోతికి ఆరో నెలలోనే బాప్తిస్మం అయ్యింది అని రాసి, చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. జవాబు రాలేదు. మర్నాటి నుంచి గులాబీ బొమ్మ కనిపించలేదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. జ్యోతి ఒంటిగంటకల్లా ఇంటికి వచ్చేసేది. ఒకరోజు రెండున్నరైనా రాలేదు. వచ్చాక చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుంది. చేతిలో కవరుంది. వాళ్ళ హెడ్మాస్టరు రామకోటి గారు మిగతా టీచర్లంతా వెళ్ళేదాకా ఆపి, తలుపు దగ్గరగా వేసి ఇచ్చారట. ఆయన రోజూ విభూతి పెట్టుకుని బడికొచ్చే మనిషి. ముందు మంచి లాయరు దగ్గరికి వెళ్ళమ్మా, బళ్ళో ఎవరికీ చెప్పకు అన్నారట.

కవర్లో బాపట్ల నుంచి వచ్చిన విచారణ నోటీసు ఉంది. క్రైస్తవ మతంలో ఉంటూ ఎస్సీ కోటాలో ఉద్యోగం పొందారని మీ మీద ఫిర్యాదు వచ్చింది, తల్లితో సహా హాజరై సంజాయిషీ ఇవ్వాలి అని అందులో సారాంశం. క్రైస్తవులైతే ఎస్సీ కింద రారని చట్టం ఉన్న సంగతి మాకు తెలియనిదేం కాదు. తాతల నాటి నుంచీ కాగితాల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. రేషను కార్డులో సుబ్బరత్నమ్మ అయిన మా అత్తయ్య చర్చిలో సువార్తమ్మ. నాగజ్యోతి చర్చి గడప దాటగానే జ్యోతి. నా మొగుడు శివకృష్ణ సంఘం పుస్తకంలో శీలాసు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, అలాగే గడిచిపోయింది. పేట బయట బావి దగ్గర, టీ కొట్టు దగ్గర మా వాళ్ళు పడ్డ మాటలు మాత్రం పేరు మార్చినంత మాత్రాన తగ్గలేదు.

నోటీసు వెనక నాలుగు కాగితాలు కుట్టి ఉన్నాయి. జ్యోతి సాక్ష్యం చెబుతున్న ఫోటో. దాని కింద షారోను పువ్వు ప్రశ్నలు, సంఘం పేరుతో నేను రాసిన జవాబులు. చేతులు జోడించిన బొమ్మ నలుపు తెలుపులో మసకగా పడింది. శివకృష్ణ ఆ కాగితాలు రెండుసార్లు చదివి, ఇది రాసిందెవరు అన్నాడు. ఆ ఛానలు తనూజదే కదా, రాతలన్నీ హాస్టలు నుంచి ఆ పిల్లే చూసుకుంటుంది కాబోలు అంది అత్తయ్య.

నేను కాదనలేదు. అప్పుడు ఒక్క క్షణం ఉంది, నేనే రాశాను అంటే అయిపోయేది. వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పొయ్యి మీద పాలే లేవు.

ఆ సాయంత్రమే అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని పాస్టరు ఆశీర్వాదం గారింటికి వెళ్ళి అడిగింది. ఆయన హాస్టలుకి ఫోను చేశారు. ఆ పిల్ల తను రాయలేదని ఏడ్చింది. ఆయన నా వంక చూశారు, ఒక్కసారే. నేను కూర్చున్న చాప చుడుతూ ఉండిపోయాను. ఆ రాత్రికి వీడియోలన్నీ తీసేయించారు, తీసేస్తే పోయేదేదో ఉన్నట్టు.

పేటలో మాట పాకడానికి రెండు రోజులు పట్టలేదు. మూడో రోజు ప్రార్థన రావమ్మ గారింట్లో ఉండాలి. వాళ్ళబ్బాయి కరెంటాఫీసులో పని చేస్తాడు, అదీ కోటా ఉద్యోగమే. మధ్యాహ్నమే కబురొచ్చింది, మా ఇంట్లో సున్నాలు వేస్తున్నాం, ఈసారికి వద్దులెండి అని. ఆ మర్నాటి ఇంటివాళ్ళకి చుట్టాలొచ్చారు. ఆపై ఇంటామెకి నడుంనొప్పి. చర్చి తలుపు మీది చీటీలో ఒక్కో పేరు మీద పెన్నుతో గీత పడుతూ వచ్చింది. ఎవరు గీసేవారో చూడలేదు గానీ పొద్దున్నే కొత్త గీత ఉండేది. చివరికి ప్రార్థన పాస్టరు గారి వరండాలోనే, తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి. పాట బయటికి వినపడకుండా పాడటం మాకు అలవాటు లేదు. ఎవరికి వారు పెదాలు కదిపేవారు.

ఒకరోజు ఎండ మండిపోతుంటే హెల్మెట్ తీయని ఒకతను చర్చి ముందు బండి ఆపి, గోడకున్న రాతిపలకని ఫోటోలు తీసుకున్నాడు. చర్చి కట్టినప్పుడు చందాలిచ్చినవాళ్ళ పేర్లున్నాయి దానిమీద, మా మామయ్య పేరు నాలుగోది. ఎవరు బాబూ అని అత్తయ్య అడిగితే, ఏం లేదు పెద్దమ్మా, గుడి బాగుందని అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా సంఘంలోని ఇద్దరు పెద్దమనుషులు పాస్టరు గారి దగ్గరికి వచ్చి ఆ పలకకి సిమెంటు పూయించమని అడిగారు. ఆయన చూద్దాంలెండి అని పంపేశారు.

జ్యోతి బడికి వెళ్తూనే ఉంది. తిండి తగ్గించింది. అత్తయ్యకి మాత్రం ఒకటే ధ్యాస, ఉద్యోగం పోకూడదు. ఆ ఆరేళ్ళూ అత్తయ్య మినపచేలకి కూలికి పోయి కూతుర్ని కోచింగులో కూర్చోబెట్టింది. కూతురు చదువుతుంటే పక్కన మేలుకుని విసనకర్రతో విసిరేది.

శివకృష్ణకి తెలిసినవాళ్ళ ద్వారా తెనాలిలో దీపక్ అని లాయరు దొరికాడు. ముగ్గురం ఆడవాళ్ళం రేపల్లెలో రైలెక్కి వెళ్ళాం. కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు. కాగితాలన్నీ చూసి, భయపడకండి, మాట ఒకటే ఉంటే చాలన్నాడు. అమ్మాయి హిందువు, తల్లికి తోడుగా చర్చికి వెళ్ళింది, సాక్ష్యం అంటే ఏంటో తనకి తెలియదు, ఆ కామెంట్లు రాసిన మనిషెవరో తెలియదు. ఈ నాలుగు ముక్కలు టైపు చేయించి చేతికిచ్చాడు. విచారణలో అడిగితే అమ్మ ఇదే చెప్పాలి, అమ్మాయి సంతకం పెట్టాలి అన్నాడు. బొట్టు పెట్టుకుని వెళ్తే మంచిదని, అదొకటి కొంచెం ఇబ్బందిపడుతూ చెప్పాడు.

"కాగితమే కదా," అంది జ్యోతి బయటికొచ్చాక. "సర్టిఫికెట్లో ఉన్నదే రాశాడు, కొత్తదేముంది."

అత్తయ్య రైల్లో కిటికీ పక్కన కూర్చుని వేమూరు దాటేదాకా కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ నాలుగు ముక్కలూ వల్లె వేసుకుంటోందని.

ఆ రెండు వారాల్లో నేను జ్యోతికి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె టిఫిను బాక్సు కడుగుతుంటే అనుకున్నాను. ఆమె పిల్లల నోటుబుక్కులు దిద్దుతుంటే పక్కనే కూర్చుని అనుకున్నాను. ఒకసారి జ్యోతీ అని పిలిచాను కూడా. ఏంటి వదినా అని తలెత్తి, నా మొహంలోకి చూసి, ఆగింది. బియ్యం నానబెట్టావా అని అడిగాను. నానబెట్టానంది, మళ్ళీ పుస్తకాల్లో తల పెట్టింది. నాలాంటి పిరికిదాన్ని నేనెక్కడా చూడలేదు.

విచారణ రోజు చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాం. శివకృష్ణ ఆఫీసు బయట వేపచెట్టు కింద ఉండిపోయాడు. దీపక్ మాతో లోపలికి వచ్చాడు. అత్తయ్య ఎప్పుడూ కట్టే తెల్లచీర కాకుండా పచ్చంచు చీర కట్టింది. ఇద్దరి నుదుటి మీదా బొట్టుంది. అత్తయ్య బొట్టు ఒకపక్కకి ఒరిగింది. సరిచేద్దామని చెయ్యెత్తాను, తాకబుద్ధి కాలేదు.

విచారణ చేసేది ఒక ఆడ ఆఫీసరు. గట్టిగా మాట్లాడలేదు, కసరలేదు. అత్తయ్యని కుర్చీలో కూర్చోమంది. మంచినీళ్ళు కావాలా పెద్దమ్మా అని కూడా అడిగింది. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయం వేసింది. పేరు, ఊరు, వయసు అన్నీ రాయించుకున్నాక అడిగింది.

"మీ అమ్మాయి క్రైస్తవురాలా అమ్మా?"

"కాదండి."

"మరి మీరు?"

అత్తయ్య చీరంచు వేలికి చుట్టుకుంది. ఈ ప్రశ్నకి జవాబు లాయరు కాగితంలో లేదు.

"నేను పుచ్చుకున్నానండి," అంది. "పిల్ల పుచ్చుకోలేదు."

ఆ మాట అత్తయ్య నోట నేనెప్పుడూ వినలేదు. డెబ్బై ఏళ్ళుగా వీధిలో జనం తన గురించి అన్న మాట అది. ఎదుటివాళ్ళకి అర్థమయ్యే మాట వెతుక్కుని, దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. గుమాస్తా రాసుకున్నాడు. పెన్ను చప్పుడు వినపడింది.

టైపు చేసిన కాగితం జ్యోతి ముందుకి జరిపారు. దీపక్ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. జ్యోతి పెన్ను మూత తీసింది. కాగితం వంక కాకుండా తల్లి వంక చూసింది. అత్తయ్య తల దించుకుని, చీరంచు చుట్టిన వేలినే చూసుకుంటోంది. జ్యోతి పెన్నుకి మళ్ళీ మూత పెట్టింది.

"మా అమ్మ నా గురించి భయపడి అలా అన్నదండి," అంది. పాఠం చెప్పే గొంతుతోనే, తొందరేం లేకుండా అంది. "నాకు చిన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. అందులో మా వదిన రాసింది నిజమే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆఫీసరు కామెంట్ల కాగితం తిప్పి చూసి, వదినంటే ఎవరు అంది. జ్యోతి నా వైపు చూడలేదు. నేను లేచి నిలబడ్డాను. నేనేనండి, రాసింది నేనే, పేరు సంధ్యారాణి అని చెప్పాను. రెండు వారాలు రాని మాట అంత తేలిగ్గా వచ్చేసింది. దీపక్ ఫైలు మూసుకున్నాడు. సంతకాలు అయ్యాయి, వేరే కాగితాల మీద, ఎవరు చెప్పినదాని కింద వాళ్ళు. మీకు ఉత్తర్వు పోస్టులో వస్తుందమ్మా అంది ఆఫీసరు.

తిరుగు బస్సులో అత్తయ్య ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చుంది. మేమిద్దరం వెనక.

"ఎప్పుడు తెలిసింది జ్యోతీ?" అన్నాను.

"నోటీసు చూసిన రోజే. మా జ్యోతి అని రాశావు కదా వదినా. తనూజ మా జ్యోతి అని ఎందుకు రాస్తుంది?"

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. కొంగు నోట్లో కుక్కుకుని చందోలు దాకా ఏడ్చాను. జ్యోతి నన్ను ఓదార్చలేదు, పక్క నుంచి లేచీ వెళ్ళలేదు. సంతకం ఎందుకు పెట్టలేదని అప్పుడు గాని, తర్వాత గాని నేను అడగలేదు. శివకృష్ణ అడిగాడట. అమ్మ ఆ మాట అనడం విన్నాక చెయ్యి ఆడలేదన్నయ్యా అందట. ఊరు చేరగానే తిన్నగా పాస్టరు గారింటికి వెళ్ళి, తనూజకి ఫోను కలిపించుకుని క్షమించమని అడిగాను. ఆ పిల్ల పర్లేదక్కా అంది. పర్లేదు కాదని ఇద్దరికీ తెలుసు.

అత్తయ్య కూతురితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళిచ్చేది, మాట మాత్రం లేదు. ఆరేళ్ళ కష్టం నోటి మాటతో పారబోసింది అని పక్కింటావిడతో అనడం విన్నాను. ప్రార్థనకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంది. నొప్పులు నిజమే, కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ నొప్పులతోనే మోకరించింది. పొద్దున్నే లేవగానే బైబిలు తీసేది కూడా మానేసింది. గుడ్ ఫ్రైడే ఆరాధనకి వచ్చి, చివరి వరసలో, ఇదివరకు జ్యోతి కూర్చునే చోట కూర్చుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగం చెప్పాలి. నలుగురే వచ్చారు. మిగతా మూడూ పాస్టరు గారే చెప్పారు. కరెంటాఫీసు అబ్బాయి కుటుంబం సూర్యలంక బీచికి వెళ్ళి, ఆ ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకుంది, చర్చికి రాలేదని ఎవరికో చూపించాలన్నట్టు.

ఉత్తర్వు ఇప్పటిదాకా రాలేదు. పోస్టుమాన్ సైకిలు మా వీధి మలుపు తిరిగితే ఇంట్లో ముగ్గురం చేస్తున్న పని ఆపేస్తాం. రాతిపలక మీది పేర్లకి ఎవరో సున్నం పూశారు. పాస్టరు గారు కడిగించారు. మళ్ళీ పూశారు. లోపలివాళ్ళే అయి ఉంటారు, ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈస్టరు ఆదివారం చర్చి సగం కూడా నిండలేదు. ఆరాధన చివర ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళ అందరం వరసగా ముందుకి వెళ్ళి కటకటాల దగ్గర మోకరించాం. అత్తయ్య రాదనుకున్నాను. జ్యోతే వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జ్యోతి, అత్తయ్య, నేను పక్కపక్కన మోకరించాం. పాస్టరు గారు రొట్టె ముక్క జ్యోతి చేతిలో పెట్టి, అత్తయ్య ముందుకి వచ్చారు. అత్తయ్య చెయ్యి చాపలేదు. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"నాకొద్దండి అయ్యగారూ," అంది చిన్నగా. "కాదని సంతకం పెట్టొచ్చాను."

పాస్టరు గారు ముందుకి కదల్లేదు. ఆయన చేతిలో రొట్టె అలాగే ఉంది. తలుపు బయట ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. జ్యోతి తిరగలేదు. తన చేతిలో ముక్క ఇంకా తినలేదు.

"నాకోసమే కదమ్మా కాదన్నావు," అంది. "నాకోసమే తీసుకో."

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. బండి వెళ్ళిన చప్పుడు వినపడలేదు. అత్తయ్య కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి, తడి తుడుచుకుని, చాపింది. పాస్టరు గారు ఆ అరచేతిలో రొట్టె పెట్టారు.

తర్వాత నా ముందుకి వచ్చి ఆగారు.